నారింజ రంగు కూపే

సోల్నిత్సె
9 సెప్టెంబరు 1973

చెల్లీ స్వాత్యా,

వచ్చేసింది! మూడేళ్ళు జాబితాలో పడిగాపులు కాస్తే నిన్నటికి నా కూపే కారు ఇల్లు చేరింది. నేను అడిగిన రంగు ముదురు నీలం. వచ్చింది నారింజ. "ఉన్నది ఇదేనయ్యా, కావాలా వద్దా?" అన్నాడు గుమాస్తా. వద్దనడానికి నాకేమన్నా పిచ్చా?

రోజంతా ఫ్యాక్టరీలో ఆ కార్లే చేస్తావు, ఇంటికొచ్చాక కూడా అదేనా అని నవ్వుతావని తెలుసు. నాకు మాత్రం ఇంకా మొహం మొత్తలేదు. డెబ్భైలో మొదటి కూపే మా షెడ్డులోంచి బయటికి వచ్చిన రోజు మేమంతా పని ఆపి చూస్తూ నిలబడిపోయాం. కింద ఉన్నదంతా సంసారుల కారే. అదే ఇంజను, అదే వెనకవైపు. దానికి కాస్త బలం పెంచి, రెండు తలుపులు తీసేసి, పైకప్పును వెనక్కి వాల్చారు. అంతమాత్రానికే వంటింటి మనిషి పెళ్ళికి ముస్తాబైనట్టు అయిపోయింది. ఆ వాలు దగ్గర అతుకు మీద తగరం కరిగించి, ఆకురాయితో రుద్ది, అక్కడ అతుకుందని ఎవరికీ తెలియకుండా చేసేది నేనూ, నాతోటి ఇద్దరూ. చేసిన వాటిలో చాలా భాగం సరిహద్దు దాటిపోతాయి. పేదవాడి రేసుకారు అని అక్కడివాళ్ళు ముద్దుగా కొనుక్కుంటారట. దాన్ని చేసిన పేదవాడి దాకా రావడానికి మాత్రం మూడేళ్ళు పట్టింది.

గంటకు నూట నలభై ఐదు వెళుతుందని పుస్తకంలో రాశారు. మీ వదిన జర్మిలా పక్కన కూర్చుంటే డెబ్భై దాటనివ్వదు. రదానా మాత్రం "నాన్నా, ఇంకొంచెం, ఇంకొంచెం" అంటుంది. దానికిది బడిలో చివరి ఏడు. ఫిబ్రవరిలో మెడికల్ కాలేజీకి దరఖాస్తు పెట్టాలి. ఇప్పట్నుంచే ఎముకల పేర్లు వల్లిస్తూ మా బుర్ర తినేస్తోంది.

జిల్లా మొత్తానికి నారింజ కూపే ఇదొక్కటే. వీధిలో వెళుతుంటే పిల్లా పెద్దా తల తిప్పి చూస్తున్నారు. ఈ బట్టతలను చూసి తల తిప్పేవాళ్ళు ఎవరు చెప్పు? నీకు కావలసినప్పుడు వచ్చి తీసుకెళ్ళు. నా కంటే నువ్వే బాగా నడుపుతావు, ఆ మాట మీ వదిన ముందు అనకు.

మీ అన్న
వ్లాస్తిమిల్


ఖ్రుదిమ్
23 సెప్టెంబరు 1973

అన్నయ్యా,

నీ ఉత్తరంలో వదినకు రెండు వాక్యాలు, రదానాకు నాలుగు, కారుకు రెండు పేజీలు. వదిన చదవకముందే పోస్టు చేసి ఉంటావు.

నాకు సంతోషంగా ఉంది. నిజంగా. బడి పోయినప్పటి నుంచి నాకు రోజులన్నీ ఒకేలా ఉన్నాయి. పండ్ల ఫ్యాక్టరీలో జాడీలకు చీటీలు అంటిస్తున్నాను. రేగు, పీచు, మళ్ళీ రేగు. ఇరవై రెండేళ్ళు పిల్లలకు అక్షరాలు నేర్పిన చేతులు కదా, నా చీటీలు ఎక్కడా వంకర పోవు. ఫోర్‌మన్ మెచ్చుకున్నాడు.

నువ్వు ఇస్తానన్నావు కాబట్టి అడుగుతున్నాను. అక్టోబరు ఆరు, శనివారం, కారు కావాలి. నాకు తెలిసిన ఒక ముసలావిడను ఆవిడ సొంత ఊరికి తీసుకెళ్ళి తీసుకురావాలి. మోకాళ్ళు పనిచేయవు పాపం, స్టేషను నుంచి నడవలేదు. అరవై కిలోమీటర్లకు మించదు. శుక్రవారం రైల్లో వచ్చి తీసుకుంటాను. ఆదివారం కడిగి తెచ్చి ఇస్తాను.

ఎముకల డాక్టరుగారికి ముద్దులు.

స్వతవ


సోల్నిత్సె
14 అక్టోబరు 1973

స్వాత్యా,

కారు తిరిగి ఇచ్చావు, దాంతోపాటు కేకు కూడా ఇచ్చావు, బాగానే ఉంది. కానీ నేను మీటరు చూడననుకున్నావా? అరవై అన్నదానివి రెండువందల పది తిప్పావు. పైన కడిగావు గానీ చాపల కింద పసుపు బంకమట్టి అలాగే ఉంది. వెనక సీటు మీద మైనం చుక్క కూడా. దాన్ని గోకడానికి నాకు గంట పట్టింది. ఎవడే అతను? మీ వదిన పెళ్ళి భోజనానికి మెనూ కూడా అనుకుంటోంది.

చూడు, మళ్ళీ తీసుకెళ్ళాలనిపిస్తే ఒకటి గుర్తుపెట్టుకో. మంచు మొదలయ్యాక ముందు డిక్కీలో ఇసుక బస్తా లేకుండా దీన్ని ముట్టుకోకు. ఇంజను వెనకుంది, ముక్కు తేలిక. మలుపులో భయపడి పెడలు మీది కాలు ఎత్తేశావో, తోక తిరిగి ముందుకొస్తుంది. భయపడినవాళ్ళనే తిప్పికొడుతుంది ఈ కారు. అందుకే మా ఊళ్ళో ప్రతి కూపేవాడూ నవంబరు రాగానే బస్తా వేసుకుంటాడు.

అన్న


ఖ్రుదిమ్
21 అక్టోబరు 1973

అన్నయ్యా,

ప్రియుడే అనుకో. వయసు ఎనభై రెండు. నేను ఉన్నంతసేపూ ఒక్క మాట మాట్లాడలేదు. వదినకు చెప్పు, పెళ్ళి కుదరదు.

మైనం సంగతి చూసుకోలేదు, తప్పయిపోయింది. మట్టి గురించి అడగకు.

స్వతవ


సోల్నిత్సె
17 నవంబరు 1973

స్వాత్యా,

ఈ ఉత్తరం మీ పక్కింటి రైలు గార్డు హావెల్కా చేతికి ఇస్తున్నాను. చదవగానే పొయ్యిలో వేసెయ్. ఇక నుంచి ముఖ్యమైన సంగతులు అతని చేతే పంపుకుందాం. పోస్టులో వచ్చిన నీ కిందటి ఉత్తరం కవరు జిగురు నాకు అందేసరికి ఇంకా తడిగానే ఉంది, దారిలో ఎవరో విప్పి మళ్ళీ అంటించారు.

గురువారం నన్ను జిల్లా రహస్య పోలీసు కార్యాలయానికి పిలిపించారు. గదిలో ఒక్కడే ఉన్నాడు, కెప్టెన్ శిమెచెక్ అట. నలభై ఏళ్ళుంటాయి, చల్లగా మాట్లాడతాడు. కాఫీ ఇచ్చాడు. ఇచ్చి, బల్ల మీద ఒక ఫోటో పెట్టాడు. జాలెసీ శ్మశానం గేటు. దాని పక్కన నా కూపే. ఫోటో నలుపు తెలుపు, అయినా నంబరు అక్షరం అక్షరం కనబడుతోంది.

"ఇది మీ కారే కదండీ?"

"నాదేనండీ."

"అక్టోబరు ఆరున అక్కడేం చేస్తోంది మరి?"

ఆ రోజు డౌబ్రవా మాస్టారి అంత్యక్రియలని అప్పటిదాకా నాకు తెలియదు. పదవి పోయి, పుస్తకాలు నిషేధించి, పలకరించినవాళ్ళ పేర్లు కూడా పోలీసులు రాసుకునే ఆ మనిషి శవం వెనక నడిచావా? నడిచావు, సరే. కానీ వచ్చినవాళ్ళంతా రైలు దిగి విడివిడిగా నడుచుకుంటూ వచ్చారట. కార్లున్నవాళ్ళు రెండు ఊళ్ళ అవతల ఆపుకున్నారట. నువ్వు మాత్రం జిల్లాకంతటికీ ఒకే ఒక్క నారింజ కూపేని గేటుకు ఆనించి పెట్టావు! కెప్టెన్ నవ్వుతూ అన్నాడు, "మావాడు చెట్టు చాటున చలికి వణుకుతూ కూర్చున్నాడండీ. మీ కారు చూసి ప్రాణం లేచొచ్చిందట వాడికి" అని.

నడిపింది నేనేనని చెప్పాను. ఊరికే తిరగడానికి వెళ్ళానని, చక్రంలో గాలి చూసుకోవడానికి ఆగానని. ఆ మాటే కాగితం మీద రాయించుకుని సంతకం తీసుకున్నాడు. లేచేటప్పుడు, "మీ అమ్మాయి మెడిసిన్‌కి పెడుతోందట కదా, మంచి పిల్లని విన్నాను" అన్నాడు. ఫిబ్రవరిలో దరఖాస్తు మీద వీధి కమిటీ ముద్ర పడాలి. అతను తల ఊపకపోతే ఆ ముద్ర పడదు.

మూడు రోజులుగా నాకు అన్నం సహించడం లేదు. ఏం జరిగిందో ఉన్నదున్నట్టు రాయి.

వ్లాస్తిమిల్


ఖ్రుదిమ్
24 నవంబరు 1973

అన్నయ్యా,

ఉన్నదున్నట్టే రాస్తాను.

అరవై ఎనిమిదిలో పరాయి సైన్యం ట్యాంకులు మన మేలు కోరి వచ్చాయన్న కాగితం మీద సంతకం పెట్టనన్నందుకు నన్ను బడిలోంచి తీసేసిన రోజు, మా టీచర్లలో ఒక్కరు కూడా నాతో మెట్లు దిగి రాలేదు. డౌబ్రవా మాస్టారు వచ్చారు. ఆయన నా మొదటి హెడ్మాస్టరు. అప్పటికే ఆయన పనీ పోయింది. చేతికర్రతో గేటు దాకా వచ్చి, "పిల్లలు కిటికీలోంచి చూస్తున్నారమ్మా, వంగి నడవకు" అన్నారు. అంతే అన్నారు. అలాంటి మనిషిని సాగనంపడానికి వెళ్ళకుండా ఎలా ఉండను?

గేటు దగ్గర ఎందుకు ఆపానంటావు. ఆయన భార్యను తీసుకెళ్ళాను. ఆవిడ పది అడుగులు వేయలేదు. ఇది నిజం. ఇంకొక నిజం కూడా ఉంది. ఆవిడను గేటు దగ్గర దించి, కారు ఊరి బయట పెట్టి రావచ్చు. పెట్టలేదు. అక్కడ అందరూ నల్ల కోట్లలో తలలు దించుకుని, ఒకరినొకరు ఎరగనట్టు నిలబడ్డారు. ఆ మనిషి కోసం కాస్త వెలుగు ఉంటే బాగుండుననిపించింది. నీ కారు అంత అందంగా ఉంది. గొప్ప కోసం పెట్టానన్నయ్యా. నలభై ఎనిమిదేళ్ళ దాన్ని, చిన్నపిల్లలా గొప్పకు పోయాను. దిగిన మరుక్షణం చెట్టు చాటున మనిషిని చూశాను. అప్పుడు వెనక్కి వెళ్ళి కారు తీస్తే ఇంకా అనుమానం. అక్కడి నుంచి ఆవిడను పర్వతాల్లో ఉన్న ఆవిడ చెల్లెలింటికి దింపి వచ్చాను. అందుకే అన్ని కిలోమీటర్లు.

నా పేరు చెప్పెయ్. రదానాకు నా వల్ల అడ్డం రాకూడదు.

స్వతవ

పై వాక్యం రాసి రెండు రోజులైంది. హావెల్కా రేపు బయలుదేరతాడు. అన్నయ్యా, చెప్పకు. కిందటి నెల మా ఫ్యాక్టరీలో ఒకామెను తీసుకెళ్ళారు. తొమ్మిది రోజులకు తిరిగి వచ్చింది. ఇప్పుడు ఎవరైనా పిలిస్తే ముందు గోడకు ఆనుకుని, తర్వాత తిరిగి చూస్తోంది. నాకు చాలా భయంగా ఉంది. మరో దారి ఏదైనా ఉంటే నా పేరు చెప్పకు.


సోల్నిత్సె
9 డిసెంబరు 1973

ప్రియమైన చెల్లికి,

మేమంతా క్షేమం. మంచు బాగా కురుస్తోంది. పండక్కి కోయడానికి బతికున్న చేప తెచ్చి స్నానాల తొట్టిలో వదిలాం. రదానా దానికి పేరు పెట్టింది, ఇక ఎవరు కోస్తారో తెలియదు. మా షెడ్డు ఈ ఏడు లక్ష్యం కంటే ముందుంది. మా జీవితాల్లో ఏ లోటూ లేదు. నీ ఆరోగ్యం జాగ్రత్త.

వ్లాస్తిమిల్


సోల్నిత్సె
11 డిసెంబరు 1973

స్వాత్యా,

పోస్టులో వచ్చిన ఉత్తరం దారిలో చదివేవాళ్ళ కోసం రాసింది. నీకు ఇది.

శనివారం పొద్దున్న శిమెచెక్ మా ఇంటికే వచ్చాడు. ఒంటరిగా, మామూలు కోటు వేసుకుని. జర్మిలా చేతిలోంచి గరిటె జారిపోయింది. "కంగారుపడకండమ్మా, కారు చూద్దామని వచ్చాను" అన్నాడు. నిజంగానే కారు చూడటానికే వచ్చాడు. చుట్టూ మూడుసార్లు తిరిగాడు. గ్లవ్ తీసి పైకప్పు వాలును వేలితో తడిమాడు. "ఇక్కడ అతుకుండాలే! ఎవరు చేశారో గానీ ఏం పనితనమండీ!" అన్నాడు. నేనే చేశానని నోటి దాకా వచ్చింది, ఆపుకున్నాను. తన పేరు కూడా జాబితాలో రెండేళ్ళుగా ఉందట. వాళ్ళకు కూడా జాబితా ఉంటుందని నాకు ఇప్పుడే తెలిసింది.

"ఒక్క చుట్టు తిప్పి తీసుకొస్తాను. పక్కన కూర్చోండి" అన్నాడు.

ఏమని కాదనను? ఇసుక బస్తా ముందు రోజే తీశాను, డిక్కీ తుడవడానికి. ఆ సంగతి నోరు విప్పి చెప్పలేకపోయాను, ఎందుకో చెప్పలేను. కొండ దిగే మలుపులో అతను తొంభైలో ఉన్నాడు. కింద మంచు గట్టిపడి అద్దంలా ఉంది. తోక జారడం నా వెన్నుకు తెలిసింది. అతను కాలు ఎత్తబోతున్నాడు. ఎత్తితే ఇద్దరం లోయలో. ఒక్క క్షణం, స్వాత్యా, నోరు మూసుకుని కూర్చుంటే అంతా అయిపోతుందనిపించింది. ఆ వెంటనే ఇంటి దగ్గర గుమ్మంలో నిలబడ్డ రదానా గుర్తొచ్చింది. "కాలు ఎత్తకండి! జారుతున్న వైపే తిప్పండి!" అని అరిచి, స్టీరింగు పట్టుకుని నేనే తిప్పాను. కారు రోడ్డు మీద నిలబడింది. అతని మొహం సున్నం కొట్టినట్టుంది.

మిగతా దారి నేనే నడిపాను. మా ఇంటి ముందు వాలు మీద ఆపి, బ్రేకు జారినా కారు దొర్లిపోకుండా, దిగేముందు ముందు చక్రాలు గట్టువైపుకు తిప్పాను. వాలు మీద అలా తిప్పి పెట్టకుండా మా ఫ్యాక్టరీ వాళ్ళెవరమూ కారు దిగం. మొదటి రోజే నెత్తిన మొట్టి నేర్పుతారు. చెయ్యి దానంతటదే చేసేస్తుంది. అతను దిగి, వంగి, ఆ చక్రాల వైపు చూశాడు. తర్వాత జేబులోంచి జాలెసీ ఫోటో తీసి చూశాడు.

"ఇక్కడ కూడా వాలే ఉందండీ. కానీ చక్రాలు తిన్నగా ఉన్నాయి" అన్నాడు. "ఆ రోజు ఆపింది మీరు కాదు. ఎవరు?"

ఇక్కడితో ఆపుతున్నాను. హావెల్కా బయట నిలబడ్డాడు.

వ్లాస్తిమిల్


ఖ్రుదిమ్
6 జనవరి 1974

అన్నయ్యా,

ఎవరని అడిగాడన్నావు. నువ్వేమన్నావు?

హావెల్కా మూడుసార్లు మీ ఊరు వచ్చి ఖాళీ చేతులతో తిరిగి వచ్చాడు. "రాయడానికి ఏం లేదన్నారమ్మా, మొహం చాటేశారు" అన్నాడు. మెట్ల మీద అడుగుల చప్పుడు వినబడితే దీపం ఆర్పేస్తున్నాను. నిన్న పాలవాడిని చూసి గిన్నె వదిలేశాను. మూటలో రెండు జతల బట్టలు, సబ్బు, ఉన్ని మేజోళ్ళు సర్ది తలుపు వెనక పెట్టుకున్నాను.

అవునో కాదో ఒక్క ముక్క రాయి.

స్వతవ


సోల్నిత్సె
10 ఫిబ్రవరి 1974

స్వాత్యా,

భయపడకు. అంతా సర్దుకుంది. మూట విప్పేసి బట్టలు బీరువాలో పెట్టుకో.

కూపేని శిమెచెక్‌కు అమ్మేశాను. ఎంతకు కొన్నానో అంతకే. తన వంతు వచ్చేసరికి ముసలివాణ్ణవుతానన్నాడు. కాదనగల ధైర్యం నాకెక్కడిది? నిన్న వచ్చి తీసుకెళ్ళాడు. వీధి చివర తిరిగేదాకా రదానా కిటికీ దగ్గరే ఉంది. "పోనీలే నాన్నా, దాని శబ్దం వల్ల చదువు సాగేది కాదు" అంది. అబద్ధం. ఆ కారులో కూర్చునే ఎముకల పేర్లు వల్లించేది.

దరఖాస్తు మీద ముద్ర పడింది. జూన్‌లో ప్రవేశ పరీక్ష. ఇక ఆ విషయం మనం ఎత్తుకోవద్దు. ఇసుక బస్తా ఇంకా వసారాలోనే ఉంది, మీ వదిన దాన్ని మెట్ల మీది మంచుకు చల్లుతోంది.

అన్న


ఖ్రుదిమ్
10 ఏప్రిల్ 1974

అన్నయ్యా,

నిన్న మంగళవారం సాయంత్రం నాలుగింటికి పండగ కేకు పొయ్యిలో పెడుతున్నాను. వీధిలో ఇంజను చప్పుడు వినబడింది. ఆ చప్పుడు నాకు తెలుసు, వెనక నుంచి వస్తుంది. కిటికీలోంచి చూస్తే నారింజ రంగు. అమ్మానాన్నల పాత ఇంట్లో నువ్వు వస్తే పరిగెత్తినట్టే పరిగెత్తాను. చేతికి పిండి, ఒంటి మీద ఏప్రన్. నువ్వు కారు వెనక్కి తెచ్చుకున్నావని, పండక్కి చెప్పకుండా వచ్చావని మెట్లు దిగుతూనే "అన్నయ్యా!" అని అరిచాను.

కారు తలుపు తీసుకుని అతను దిగాడు. టోపీ తీశాడు.

"మీ అన్నయ్యగారు కాదండి. కానీ ఆయన కారే" అన్నాడు. "స్వతవగారే కదా? వంట మధ్యలో వచ్చినట్టున్నాను."

వంటింట్లో కూర్చున్నాడు. కేకు తయారయ్యేదాకా కూర్చున్నాడు. రెండు ముక్కలు తిన్నాడు, బాగుందన్నాడు. అక్టోబరు ఆరున జాలెసీకి ఎవరెవరు వచ్చారో నా చేత్తో రాసివ్వమన్నాడు. నాకు తెలియదన్నాను. "ఇరవై రెండేళ్ళు హాజరు పిలిచారు కదండీ, మొహాలు మరిచిపోతారా?" అన్నాడు. తొందరేమీ లేదట. ప్రతి మంగళవారం వస్తాడట. పరీక్ష ఫలితాలు జూన్ చివర కదా, ఈలోగా ఆలోచించుకోమన్నాడు. వెళుతూ వెళుతూ, "మీ అన్నయ్యగారు దాపరికం లేని మనిషండీ" అన్నాడు.

వీధి వీధంతా కిటికీల్లోంచి చూసింది. ఈ రోజు పనిలో నా పక్కన ఎవరూ కూర్చోలేదు. నేను వాళ్ళ మనిషిననుకుంటున్నారు.

జనవరిలో అడిగిన మాటే మళ్ళీ అడుగుతున్నాను. నువ్వేమన్నావు?

స్వతవ


సోల్నిత్సె
20 ఏప్రిల్ 1974

స్వాత్యా,

చెప్పాను.

ఆ శనివారమే చెప్పాను. అతను కొట్టలేదు, తిట్టలేదు, గొంతు కూడా పెంచలేదు. ఒక్కసారి అడిగాడు. "మా చెల్లి" అన్నాను. అడగకుండానే నీ వీధి పేరు కూడా చెప్పాను. ఎందుకు చెప్పానో ఈ నాటికీ తెలియదు. కారు తర్వాత అడిగాడు. ఇచ్చేస్తే నీ జోలికి రాడేమో అనుకున్నాను. మాటలతో అనలేదు గానీ అలాగే ఉంది అతని నవ్వు. నన్ను నేను మోసం చేసుకున్నాను. చెప్పకు అని నువ్వు రాసిన కాగితం పొయ్యిలో వేసినా నాకు కంఠతా వచ్చేసింది.

జర్మిలాకు చెప్పలేదు. రదానాకు అంతకంటే చెప్పలేదు. అది రోజుకు పది గంటలు చదువుతోంది. దాని మొహం చూస్తే నాకు భయం, చూడకపోతే నీ మొహం కనబడుతుంది.

ఏ హక్కుతో అడుగుతున్నానో తెలియదు. ఏదో ఒకటి రాసివ్వు స్వాత్యా. చనిపోయినవాళ్ళ పేర్లు రాయి. ఊరు వదిలిపోయినవాళ్ళవి రాయి. జూన్ దాటేదాకా ఏదో ఒకటి. నీ కాళ్ళు పట్టుకుంటాను.

వ్లాస్తిమిల్


ఖ్రుదిమ్
5 జూన్ 1974

ప్రియమైన అన్నయ్యకు,

ఈ ఉత్తరం పోస్టులోనే వేస్తున్నాను. జిగురు మామూలుగానే అంటించాను. ముందు ఎవరు విప్పినా నిదానంగా చదువుకోవచ్చు, అక్షరాలు గుండ్రంగా రాశాను.

కిందటి సంవత్సరం అక్టోబరు ఆరున జాలెసీ గ్రామంలో డౌబ్రవా మాస్టారి అంత్యక్రియలకు నేను వెళ్ళాను. మా అన్నయ్యను అడిగి తెచ్చుకున్న కారులో వెళ్ళాను. ఎందుకు కావాలో అతనికి చెప్పలేదు. గేటు దగ్గర ఆపింది నేను. ఇంకా ఎవరు వచ్చారని అడిగితే, ఎవరినీ చూడలేదు. ఏడుస్తున్నాను కాబట్టి చూడలేదు. ఇదే మాట ప్రతి మంగళవారం చెప్పాను. ఈ రోజు రాసి సంతకం పెడుతున్నాను. నా గురించి ఎవరూ ఎవరినీ అడగనక్కర్లేదు.

రదానా కిందటి ఆదివారం రైల్లో వచ్చింది. పొయ్యిలో బూడిద తీస్తుంటే సగం కాలిన నా ఏప్రిల్ ఉత్తరం దొరికిందట. నువ్వు ఎప్పుడూ సరిగ్గా కాల్చవు. మధ్యాహ్నమంతా నా వంటింట్లో కూర్చుంది. "అత్తా, నా పేరు చెప్పి నిన్ను ఎవరైనా ఏమన్నా అడిగితే, నాకు ఆ సీటు వద్దని చెప్పు" అంది. నేను తిట్టాను. చిన్నదానివి, ఇది నీకు అర్థం కాదన్నాను. సంచిలోంచి కాగితం తీసి చూపించింది. ఈ ఏడు పరీక్షకు రానని కాలేజీకి అప్పటికే రాసేసింది. ఆసుపత్రిలో వార్డు పనికి కుదిరింది. వచ్చే ఏడు మళ్ళీ పెడతానంది, ఇవ్వకపోతే ఆ పై ఏడు. ఆ పిల్ల వెళ్ళాక నేను చాలాసేపు ఏడ్చాను. మనిద్దరం కలిసి దాన్ని కాపాడుతున్నామనుకున్నాం.

నిన్న మంగళవారం కారు వచ్చింది. నేను తలుపు తీయలేదు. అతను కింద చాలాసేపు నిలబడ్డాడు. రెండుసార్లు హారను కొట్టాడు. నేను బల్ల కోడు పట్టుకుని నేల మీద కూర్చున్నాను. తర్వాత వెళ్ళిపోయాడు. మళ్ళీ వస్తాడు. ఈసారి కారులో కాకుండా మరొక బండిలో, మరికొందరితో వస్తాడేమో. నా మూట తలుపు వెనకే ఉంది. భయం పోలేదన్నయ్యా. నువ్వు ఎందుకు చెప్పావో నాకు తెలుసు. నేనైనా ఆ గదిలో ఏమనేదాన్నో నాకు తెలియదు.

నన్ను చూడటానికి రా. మొహం చెల్లక ఆగిపోకు. కానీ ఎవరి కారూ ఎక్కి రాకు, రైల్లో రా. స్టేషను నుంచి నడుచుకుంటూ వచ్చి, కింద నిలబడి నా పేరు పెట్టి పిలువు. పిలిస్తేనే తలుపు తీస్తాను.

నీ చెల్లి
స్వతవ